అరకిలో ఎండు ద్రాక్ష

"ఈసారి కాస్త చిక్కగా కాయి బ్యూలా. పోయిన నెల నీళ్లలా ఉందని కొండయ్య గారు అన్నారు" అన్నాడు ఇస్రాయేలు, సోఫాలోంచి కదలకుండానే.

బ్యూలా వంటగట్టు మీద పళ్లెంలో పోసిన ఎండు ద్రాక్షకి ఒక్కొక్కటిగా తొడిమలు తీస్తోంది. తొడిమలతో కాస్తే రసం వగరెక్కుతుంది. అరకిలోలో ఎన్ని తొడిమలుంటాయో సంఘ పెద్ద కొండయ్య గారికి తెలీదు, ఇస్రాయేలుకి తెలీదు, ఆ రసాన్ని ప్రార్థించి పంచిపెట్టే పాస్టరు గారికి అంతకన్నా తెలీదు. తెలిసిన మనిషి సాయంత్రం ఏడింటికి నైట్ డ్యూటీకి వెళ్లాలి. ఈలోగా ఒక కునుకు తీయాలి. ఆ కునుకు ప్రతి నెలా ఈ తొడిమల్లోనే పోతుంది.

నెలలో మొదటి శుక్రవారం చర్చిలో ప్రభువు బల్ల. ఈ ఒమాన్ దేశంలో సెలవు శుక్రవారం కాబట్టి ఆదివారపు ఆరాధన కూడా శుక్రవారానికే వచ్చేసింది. అందరికీ రొట్టె ముక్క, చిన్న కప్పులో ద్రాక్షరసం ఇస్తారు. ఆ రసం బజారులో కొన్నది కాకూడదు, విశ్వాసుల ఇంట్లో కాచినదై ఉండాలని పాస్టరు గారి పట్టుదల. పట్టుదల ఆయనది, పొయ్యి బ్యూలాది. ఆరాధన అయ్యాక అరవై కప్పులూ సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చి కడిగేది కూడా బ్యూలాయే. ఆరేళ్లుగా ఇదే వరస. ఏటా జనవరిలో సంఘం అచ్చువేసే నివేదికలో నాలుగో పేజీలో మాత్రం 'బల్ల పరిచర్య: సహోదరుడు ఇస్రాయేలు గారు' అని ఉంటుంది. మొదటి ఏడాది చూసి నవ్వుకుంది. రెండో ఏడాది, అచ్చుతప్పేమో కనుక్కోండి అంది. "మనిద్దరం వేరా ఏంటి?" అన్నాడు ఇస్రాయేలు. ఆయన లెక్కలో ఇద్దరూ ఒకటే. ఆ ఒకరు ఎప్పుడూ ఆయనే.

బౌషర్‌లోని ఈ రెండు గదుల ఇంట్లో బ్యూలాకంటూ ఉన్నది వాషింగ్ మిషన్ పక్కనున్న చిన్న అలమరా. అందులో ఆమె సోడా సీసాలుంటాయి.

నాలుగేళ్ల కిందట వార్డులో పనిచేసిన ఫిలిప్పీన్స్ సిస్టర్ ఒకామె ఊరెళ్లిపోతూ చిన్న గాజు సీసాలో రెండు చెంచాల తోడు ఇచ్చి వెళ్లింది. మనం పాలకి తోడు వేసినట్టే, పంచదార నీళ్లకి ఈ అల్లం తోడు వేస్తే రెండు రోజులకి అవి పొంగుతాయి. మూత తీస్తే సుయ్యిమంటాయి. నాలిక మీద చురుక్కుమని, గొంతులో చల్లగా జారతాయి. తోడుకి రోజూ చెంచాడు పంచదార, చెంచాడు అల్లం తురుము తినిపించాలి. బ్యూలా ఈ నాలుగేళ్లలో ఒక్కరోజు మర్చిపోలేదు. నిమ్మకాయ అల్లం సోడా చేసింది, ఖర్జూరం సోడా చేసింది, దానిమ్మతో చేసి చెడగొట్టుకుంది, ఎండు నిమ్మకాయ వేస్తే ఎలా ఉంటుందో చూసి తనలో తనే మెచ్చుకుంది. ప్రతి సీసాకీ ఆసుపత్రి ప్లాస్టరు ముక్క అంటించి తేదీ రాస్తుంది. ఒక నోటుబుక్కులో వంటింటి వేడి ఎంతుందో, ఎన్ని గంటలకి పొంగిందో, రుచి ఎలా వచ్చిందో రాస్తుంది. ఈ దేశంలో ఇంట్లో మత్తు పానీయం తయారుచేస్తే ఏమవుతుందో ఆమెకి బాగా తెలుసు. అందుకే ఒక నియమం పెట్టుకుంది. రోజుకి రెండుసార్లు మూత వదులు చేసి గాలి తీయాలి. మూడో రోజుకి సీసా ఫ్రిజ్‌లోకి, వారం దాటితే సింకులోకి. ఆ నియమం ఎప్పుడూ తప్పలేదు.

ఎందుకింత సరదా అంటే ఏం చెబుతుంది? రోజంతా ఆమె చేసే పనుల్లో ఎవరూ అడగకుండా, ఎవరికీ అక్కర్లేకుండా, తనకి నచ్చి చేసే పని అదొక్కటే. మూత తిప్పగానే బుడగలు పైకి లేస్తుంటే ఆమెకి పదేళ్ల పిల్లంత సంతోషం కలుగుతుంది.

ఇస్రాయేలుకి అది వేళాకోళం. ఇంటికెవరొచ్చినా "మా ఇంట్లో సారా బట్టీ ఉందండీ" అంటాడు. అలా అనకండి, ఎవరైనా నిజమనుకుంటే నా ఉద్యోగం పోతుంది అని ఎన్నిసార్లు చెప్పిందో. "జోకు కూడా అర్థం కాదు నీకు" అంటాడు. పాలకొల్లు నుంచి వీడియో కాల్లో అత్తగారు సంతోషమ్మ గారు మరో రకం. "ఏవమ్మాయ్, ఆ పులిసిన నీళ్లు మావోడికి పొయ్యమాకు. ఆడికి చిన్నప్పట్నించీ పొట్ట సున్నితం." మీవాడికి ఒక్క చుక్క కూడా పోయలేదు అత్తయ్యా, మీవాడు నా సీసాల వైపు కన్నెత్తి చూడలేదు అని బ్యూలా మనసులోనే అనుకుంది.

అసలు ఆ గురువారం బ్యూలా మనసు తొడిమల మీదా లేదు, సోడాల మీదా లేదు. ఫోన్లో రుస్తాఖ్ అనే ఊరి నుంచి వచ్చిన ఉత్తరం మీద ఉంది.

పదకొండేళ్లుగా ఆమె ఒకే ఆసుపత్రిలో, ఒకే వార్డులో నర్సు. పోయినేడాది ఇన్‌ఛార్జి పోస్టు ఖాళీ అయితే అది తనకే వస్తుందని వార్డు గోడలు కూడా అనుకున్నాయి. వచ్చింది రాబిన్‌కి. రాబిన్ నరసాపురం కుర్రాడు. కొత్తగా వచ్చినప్పుడు సెలైన్ పెట్టడానికి చేతులు వణికితే పక్కన నిలబడి నేర్పించింది బ్యూలాయే. ఆ రాబిన్ ఇన్‌ఛార్జి కుర్చీలో కూర్చున్న రోజున ఆమెని పిలిచి మరీ చెప్పాడు. "మీరు లేకపోతే వార్డు నడవదు సిస్టర్. అందుకే మిమ్మల్ని వార్డులోంచి తీయొద్దని నేనే మేనేజ్‌మెంటుకి చెప్పాను." దానికి థాంక్స్ కూడా ఆశించాడు. ఇప్పటికీ డ్యూటీ చార్టు వేసేది బ్యూలాయే, సంతకం రాబిన్‌ది. డాక్టర్ల పుట్టినరోజులకి కేకు చెప్పేదీ బ్యూలాయే. ఆడవాళ్లకి ఆ టేస్టు ఉంటుందట.

అందుకని రుస్తాఖ్‌లో కొత్తగా తెరిచిన ఆసుపత్రికి దరఖాస్తు పెట్టింది. ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు పోస్టు. ఆసుపత్రిలో క్రిములు ఒకరి నుంచి ఒకరికి పాకకుండా చూసే పని. శుభ్రం, లెక్క, ఓపిక కావాలి. ఇంటర్వ్యూ చేసిన మేట్రన్ అస్రా అనే ఒమానీ ఆమె. ఆఖర్లో, డ్యూటీ లేనప్పుడు ఏం చేస్తావు అని అడిగింది. వంట, ఇల్లు అని చెబుదామనుకుని, నోరు జారి, సోడాలు అనేసింది బ్యూలా. సీసాలు ఎలా మరిగిస్తుందో, వేడి ఎందుకు రాసుకుంటుందో, దానిమ్మ ఎక్కడ చెడిందో అన్నీ చెప్పింది. అస్రా కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "చెడిపోయినవి కూడా నోటుబుక్కులో రాశావా?" అంది. రాశాను, అవే ఎక్కువ రాశాను అంది బ్యూలా. వారం తిరక్కుండా ఉద్యోగం ఇస్తున్నామని ఉత్తరం వచ్చింది. ఉండటానికి గది వాళ్లే ఇస్తారు. ఆదివారం లోపల ఒప్పుకుంటున్నదీ లేనిదీ చెప్పాలి.

"ఇంటర్వ్యూలో సోడాల సంగతి చెప్పావా? పరువు తీశావు" అన్నాడు ఇస్రాయేలు. తర్వాత ఉద్యోగం సంగతికి "ఆలోచిద్దాం" అన్నాడు. ఇస్రాయేలు ఆలోచిద్దాం అంటే ఆ విషయం ఫ్రిజ్‌లో వెనక అరలోకి వెళ్లినట్టే. గంటన్నర ప్రయాణం, వారాంతం ఇంటికి వస్తాను అని ఆమె చెప్పింది. కూతురు దెబోరా విజయవాడలో డిగ్రీ చదువుతోంది, ఇంట్లో పాలు తాగే పిల్లలెవరూ లేరు అని కూడా చెప్పింది. "మరి వంట? చర్చి? నెలనెలా బల్ల ఎవరు చూస్తారు?" అన్నాడు. నలభై ఎనిమిదేళ్ల మనిషి, పాతికమంది మీద సూపర్‌వైజరు, ఆకలేస్తే ఎవరు పెడతారని అడుగుతున్నాడు.

రసం కాచి, రెండుసార్లు వడకట్టి, లీటరు సీసాలో పోసి, 'బల్ల' అని చీటీ అంటించి ఫ్రిజ్‌లో రెండో అరలో పెట్టింది. అలమరాలో మూడు సీసాలున్నాయి. ఒకటి నిమ్మ, ఒకటి ఖర్జూరం, ఒకటి అదే ఎండు ద్రాక్షలో కొంచెం తీసి అల్లం తోడు వేసినది, రెండో రోజు. మే నెల. ఆ ఎండకి సీసాలు గంటగంటకీ బిగిసిపోతున్నాయి. "రాత్రి పడుకోబోయే ముందు ఈ మూడింటికీ కాస్త మూత వదులు చేసి మళ్లీ బిగించండి. అంతే పని" అని చెప్పింది. ఫ్రిజ్ తలుపు మీద చీటీ కూడా రాసి పెట్టింది. "నువ్వెళ్లు, నే చూసుకుంటాగా" అన్నాడు ఇస్రాయేలు టీవీ చూస్తూ.

శుక్రవారం పొద్దున డ్యూటీ దిగి, ఆసుపత్రి బాత్రూములోనే చీర కట్టుకుని, కళ్లు మూతలు పడుతుంటే టాక్సీలో నేరుగా చర్చికి వెళ్లింది. ఆడవాళ్ల వైపు మూడో వరుసలో కూర్చుంది. ఇస్రాయేలు ఇంకా రాలేదు. ఎప్పుడూ వెనక గదిలో ముందే కప్పుల్లో రసం పోసి ఉంచుతారు. ఆ రోజు పాట మొదలయ్యాక వచ్చాడు, ఇస్త్రీ సరిగా లేని చొక్కాతో. టైము లేక సీసా తిన్నగా బల్ల దగ్గరికే తెచ్చాడు. తెల్లగుడ్డ పరిచిన బల్ల, దాని వెనక తెల్లటి అంగీలో పాస్టరు గారు. దూరం నుంచే బ్యూలాకి సీసా మీద ప్లాస్టరు ముక్క కనిపించింది. ప్లాస్టరు తన సోడాలకి మాత్రమే అంటిస్తుంది. బల్ల సీసాకి కాగితం చీటీ. లేచి నిలబడి చెయ్యి ఊపేసరికే ఇస్రాయేలు మూత తిప్పేశాడు.

ఫట్‌మని పెద్ద చప్పుడయింది. రసం పైకప్పు దాకా వెళ్లిందని తర్వాత కొందరన్నారు గానీ అంత లేదు. పాస్టరు గారి గడ్డం దాకా వెళ్లింది. తెల్ల అంగీ, తెల్లగుడ్డ, రొట్టెల పళ్లెం, అన్నీ ఎర్రగా తడిశాయి. పాట ఆగిపోయింది. సీసా తెచ్చింది ఇస్రాయేలు, మూత తిప్పింది ఇస్రాయేలు. అందరి తలలూ తిరిగింది మాత్రం బ్యూలా వైపు. వెనక వరుసలోంచి ఎవరో మెల్లగా అన్నారు, "ఆవిడకి ఇంట్లో బట్టీ ఉందంట కదా."

ఇంటికొచ్చి ఫ్రిజ్ తెరిస్తే సంగతి తెలిసిపోయింది. రెండో అర నిండా కోడి మాంసం, కూల్ డ్రింకులు. శుక్రవారం మధ్యాహ్నం సంఘ పెద్దలని భోజనానికి పిలిచాడట, ఆమెకి చెప్పడం మర్చిపోయాడట. చోటు చాలక బల్ల సీసా తీసి అలమరాలో ఆమె సీసాల పక్కన పెట్టాడు. పొద్దున తొందరలో చేతికి దొరికింది పట్టుకెళ్లాడు. ఏ సీసా మూతా వదులు చెయ్యలేదు. ఫ్రిజ్ తలుపు మీద ఆమె రాసిన చీటీ అలాగే ఉంది. వాషింగ్ మిషన్ పక్కన అలమరాలో, కాగితం చీటీతో, బల్ల రసం బుద్ధిగా నిలబడి ఉంది.

"చదవడం వచ్చు కదండీ మీకు?" అంది బ్యూలా.

"రెండూ ఒకే రంగులో ఉంటే నాకెలా తెలుస్తుంది? అసలు ఆ చెత్త ఇంట్లో లేకపోతే ఇదంతా జరిగేదా?" అన్నాడు. పెద్దలు ఆ రోజు భోజనానికి రాలేదు. కోడి మాంసం మాత్రం ఆమె వండాల్సి వచ్చింది, లేకపోతే పాడైపోతుంది.

శనివారం సాయంత్రం ఇద్దరు పెద్దలొచ్చారు. కొండయ్య గారు ముందు, ఆయన మాటకి తల ఊపే మరొకాయన వెనక. బ్యూలా టీ పెట్టి ఇచ్చింది. కొండయ్య గారు టీ ఊదుకుంటూ చాలా మృదువుగా మాట్లాడారు. ఆయన మృదువుగా మాట్లాడితేనే భయం.

"అమ్మా బ్యూలమ్మా, మేమెవరమూ నిన్ను తప్పు పట్టటంలేదు. కాపోతే సంఘంలో అలజడి రేగింది. పైగా మనం ఉన్న దేశం ఎలాంటిదో నీకు తెలుసు. వచ్చే శుక్రవారం అందరి ముందూ నించుని రెండు మాటలు చెప్పేయ్. పొరపాటయింది, ఇకమీదట ఆ పని చెయ్యను అని. అక్కడితో సమసిపోద్ది."

"సీసా ఫ్రిజ్‌లోంచి తీసింది ఎవరండీ?" అని అడిగింది బ్యూలా.

"ఇప్పుడది ముఖ్యం కాదు" అన్నాడు ఇస్రాయేలు గబగబా. "చెబుతుందండీ. మా మిసెస్ చేత నేను చెప్పిస్తాను కదా."

బ్యూలా కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. నిన్నటి దాకా నవ్వుతూ బట్టీ అన్న నోరే ఇవాళ క్షమాపణ చెప్పిస్తానంటోంది. పెద్దలు వెళ్లాక రుస్తాఖ్ మాట ఎత్తింది. రేపే ఆఖరి రోజు అంది. ఇస్రాయేలు ఆమె భుజం మీద చెయ్యేసి, ఎన్నడూ లేనంత ప్రేమగా, "ఈ గొడవలో ఇప్పుడు నువ్వు వెళ్లిపోతే మొహం చెల్లక పారిపోయిందంటారు. అదంతా నేను చూసుకున్నాలే. నువ్వు ప్రశాంతంగా పడుకో" అన్నాడు. ఏం చూసుకున్నాడో ఆమెకి అర్థం కాలేదు. అలసటలో అడగలేదు కూడా.

ఆదివారం పొద్దున వార్డులో మందుల బండి తోసుకెళ్తుంటే ఫోన్ మోగింది. అస్రా.

"బ్యూలా, నిన్న నీ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. కుటుంబ కారణాల వల్ల చేరలేనని. చాలా మర్యాదగా ఉంది. కానీ కింద 'మిసెస్ ఇస్రాయేలు' అని ఉంది. ఇంతకుముందు నువ్వు రాసినవన్నీ చూశాను. ఎప్పుడూ బ్యూలా అనే రాస్తావు. అందుకని ఫోన్ చేశాను. నువ్వే రాశావా?"

బ్యూలా బండి ఆపింది. కారిడారులో ఎవరో తనని దాటుకుని వెళ్లారు. ఆ మెయిల్ పాస్‌వర్డు ఇస్రాయేలు పుట్టినరోజు. కొత్త ఫోన్ కొన్న రోజు ఆయనే పెట్టాడు, నీకు గుర్తుండేలా అని.

"నేను రాయలేదు మేడమ్."

"మరి నీ జవాబేంటి? ఇవాళే చెప్పాలి."

రాత్రంతా ఆలోచించి చెప్పాల్సిన జవాబు అనుకుంది ఇన్నాళ్లూ. తీరా చూస్తే ఒక్క క్షణం కూడా పట్టలేదు. "వస్తున్నాను. పది నిమిషాల్లో రాసి పంపిస్తాను. కింద నా పేరు ఉంటుంది" అంది. అవతల అస్రా నవ్వింది. "తాయిబ్. ఆ అల్లం సీసా కూడా తీసుకురా" అంది. తాయిబ్ అంటే మంచిది అని. ఆ మాట ఇన్నేళ్లుగా రోజుకి పదిసార్లు వింటోంది గానీ ఇంత మంచిగా ఎప్పుడూ వినపడలేదు.

మూలన నేల తుడుస్తున్న జైనబీ మాప్ ఆపి చూస్తోంది. జైనబీది కడప. వార్డులో ఖాళీ అయిన గాజు సీసాలన్నీ కడిగి బ్యూలా కోసం దాచేది ఆమే, మొదటి గుక్క తాగి రుచి చెప్పేదీ ఆమే.

"ఏమ్మా, మొగం అట్లయిపాయ?" అంది దగ్గరికొచ్చి.

బ్యూలా సంగతి చెప్పింది. జైనబీ నోరు తెరుచుకుని విని, "నీ పేరు మింద ఆయప్ప రాసినాడా? నువ్వేమన్నా సచ్చిపోయినావా, నీ బదులు ఆయప్ప రాసేదానికి?" అంది. బ్యూలాకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. అక్కడే నిలబడి ముందు పాస్‌వర్డు మార్చింది. తర్వాత రుస్తాఖ్‌కి మెయిల్ రాసింది. తర్వాత వెళ్లి రాబిన్ బల్ల మీద రాజీనామా పెట్టింది. మిగిలిన సెలవులు పోను ఇంకా మూడు వారాలు పని చేస్తే చాలు.

రాబిన్ కాగితం రెండుసార్లు చదివాడు. "ఇలా సడన్‌గా అంటే ఎలా సిస్టర్? వచ్చే నెల చార్టు ఎవరేస్తారు?" అన్నాడు. తెలివైన ఉపాయం తట్టినవాడిలా, "పోనీ ఒకసారి ఇస్రాయేలు అన్నయ్యతో మాట్లాడనా?" అన్నాడు.

"మాట్లాడు రాబిన్. ఆయనకి ఉద్యోగం కావాలేమో కనుక్కో" అంది బ్యూలా.

సాయంత్రం ఇంటికెళ్లి ఇస్రాయేలు ముందు నిలబడి చెయ్యి చాపింది. "నా సర్టిఫికెట్ల ఫైలు ఇవ్వండి." అవి ఆయన బీరువాలో, ఆయన తాళం కింద, భద్రంగా ఉంటాయి. ఆమె భద్రత అంతా ఆ తాళం కిందే ఉంటుంది. ఎందుకు అన్నాడు. మెయిల్ సంగతి ఎత్తింది. ఆయన తడబడలేదు, అదే ఆమెకి ఎక్కువ బాధేసింది. "నీ మంచికే పంపాను. నీతో చెబితే గొడవ చేస్తావని చెప్పలేదు. అయినా మనిద్దరం వేరా?" అన్నాడు.

"వేరేనండీ" అంది బ్యూలా. చాపిన చెయ్యి దించలేదు. టీవీలో వార్తలు అయిపోయి ప్రకటనలొచ్చాయి, ప్రకటనలు అయిపోయి మళ్లీ వార్తలొచ్చాయి. చివరికి ఇస్రాయేలు విసుక్కుంటూ లేచి తాళం తీశాడు. "శుక్రవారం చర్చిలో మాత్రం నా పరువు తీయకు. రెండు మాటలు చెప్పేసి, తర్వాత నీ ఇష్టం" అన్నాడు ఫైలు అందిస్తూ.

చెబుతానంది. మాట ఇస్తే తప్పే మనిషి కాదు. ఆ వారమంతా ఒక కాగితం మీద కొద్దికొద్దిగా రాసుకుంది.

శుక్రవారం ప్రసంగం అయ్యాక పాస్టరు గారు, "సహోదరి బ్యూలా రెండు మాటలు చెబుతారు" అన్నారు. అంగీ మీద మరకలు ఇంకా పూర్తిగా పోలేదు. ఉతికింది వాళ్లావిడే అయ్యుంటుంది. కొండయ్య గారు క్షమించడానికి సిద్ధంగా చేతులు కట్టుకుని కూర్చున్నారు. బ్యూలా బల్ల పక్కన నిలబడి కాగితం విప్పింది.

"ఎండు ద్రాక్ష అరకిలో" అని చదివింది. "గింజలు లేనివి, నల్లవి. మత్రా సూక్ బజారులో దొరుకుతాయి. ఒక్కొక్కటీ పట్టుకుని తొడిమ తీయాలి. నలభై నిమిషాలు పడుతుంది."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. పాస్టరు గారు అదేదో వాక్యమనుకుని తల ఊపారు.

"కడిగి, మరిగే నీళ్లలో గంట నాననివ్వాలి. సన్న సెగ మీద మెత్తగా ఉడికించాలి. చల్లారాక చేత్తో పిసికి, పలచటి గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి. ఒకసారి వడకడితే పిప్పి కప్పుల్లోకి వస్తుంది. సీసా మరగబెట్టి ఆరబెట్టి అందులో పోయాలి. చీటీ అంటించాలి. ఫ్రిజ్‌లో పెట్టాలి. తెల్లారేదాకా దాన్ని ఎవరూ తీయకూడదు, కోడి మాంసం పెట్టుకోవడానికైనా సరే."

ఆడవాళ్ల వైపు ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు పక్కావిడకి పాకింది, అక్కడి నుంచి వెనక వరుసకి. పాస్టరు గారి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇస్రాయేలు మొహం కందగడ్డలా అయింది.

"ఆరాధన అయ్యాక అరవై కప్పులు ఇంటికి తీసుకెళ్లి కడగాలి. లెక్క చూసుకోవాలి" అని చదవడం ముగించింది. "పోయిన వారం జరిగిన దానికి అందరికీ ఇబ్బంది కలిగింది. నాకూ కలిగింది. ఆ సీసాలో ఉన్నది రెండు రోజుల అల్లం సోడా. దాచాల్సింది ఏమీ లేదు, ఎవరైనా మా ఇంటికొస్తే ఒక గ్లాసు ఇస్తాను. రుస్తాఖ్‌కి రావాలి మరి. మూడో వారం నుంచి నాకు అక్కడ ఉద్యోగం."

బ్యూలా కాగితాన్ని మడిచి, మొదటి వరుసలో కూర్చున్న ఇస్రాయేలు దగ్గరికి వెళ్లి చేతిలో పెట్టింది.

"ఏంటిది?" అన్నాడు పళ్ల సందులోంచి.

"మీ బల్ల పరిచర్య. ఆరేళ్లుగా నాలుగో పేజీలో మీ పేరు మీదే ఉంది కదా" అంది. రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది.

"కాస్త చిక్కగా కాయండి. నీళ్లలా ఉంటే కొండయ్య గారు అంటారు."